పత్తి సాళ్లలో నేర్చిన ఫ్రెంచి

2024 నవంబరు 18, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. సమయాన్ని ఇంత కచ్చితంగా చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. నారాయణఖేడ్‌లో నేను పనిచేసిన గ్రంథాలయంలో పాఠకుల హాజరు పుస్తకం ఒకటి ఉండేది. లోపలికి వచ్చిన ప్రతివారూ వచ్చిన వేళ వేసి, సంతకం చేయాలి. ఆ రోజు ఆ గడిలో సంతకానికి బదులు బొటనవేలి ముద్ర ఉంది. ముప్పై మూడేళ్ల నా ఉద్యోగంలో ఆ పుస్తకంలో పడిన మొదటి వేలిముద్ర అదే.

ఉదయం పూట మూసివేయడానికి ఇంకా నలభై నిమిషాలు ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివే యువకులు బల్లల దగ్గర తలలు వంచుకొని ఉన్నారు. గుమ్మం దగ్గర మా అటెండరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"సంతకం వెట్టాలె అక్కా."

"నాకు సదువు రాదు తమ్మీ."

"సదువు రాకుంటే లైబ్రరీకెందుకొచ్చినవ్?"

"రానోళ్లే గద రావాలె. వచ్చినోళ్లకు గీడేం పని?"

యువకులు తలలెత్తి నవ్వారు. అరవై ఏళ్లకు దగ్గరగా ఉన్న ఒక స్త్రీ నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. చీర కొంగుకు పత్తి పీచు అంటుకొని ఉంది. నేను లేచి, "దయచేసి ఆసీనులు కండి" అన్నాను. ఆమె అటెండరు వైపు తిరిగింది.

"ఏమంటుండు?"

"కూసోమంటుండు."

ఆమె కూర్చుంది. "ఫ్రెంచి మాటలు నేర్పే బుక్కుందా సారూ?" అని అడిగింది. ఎవరి కోసమని నేను అడిగితే, "నా కోసమే" అంది.

ఇప్పుడు కొత్తగా గ్రంథాలయ ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఈ సంగతి చెప్పడానికి కారణం ఉంది. బల్ల ముందు నిలబడి ఒక మనిషి అడిగేది, మన దగ్గర ఉన్న జాబితాలో లేనిది కావచ్చు. నా జాబితాలో ఫ్రెంచి లేదు. నాకు ఆ భాష రాదు. ఆ మాట అప్పుడే చెప్పి పంపించి ఉండవచ్చు. కానీ ఆమె తన సంగతి చెప్పింది.

ఆమెది సిర్గాపూర్ వైపు ఒక పల్లె. కొడుకు బోరు బండి మీద డ్రిల్లరు. ఎనిమిదేళ్ల కిందట బోరు బండ్లతో పాటు ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ దేశానికి పోయాడు. రెండేళ్ల తరువాత అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకొని, ఫోన్ చేసి తల్లికి చెప్పాడు.

"ఆమెను దీస్కొని నా గడప దొక్కకు అని వానితోని అన్న సారూ. గా పిల్ల పక్కనే ఉన్నదంట. నా మాట తెల్వకపోవచ్చు. గొంతు తెలుస్తది గద."

మనుమరాలు పుట్టిన తరువాత ఆమె కోపం పోయింది. ఫోన్‌లో వీడియో కాల్స్ మొదలయ్యాయి. పాపను చూపిస్తారు. కోడలు మాత్రం పక్కకు తప్పుకుంటుంది. "నా కోడలు ముఖం ఇప్పటిదాంక సగమే జూసిన" అంది ఆమె. డిసెంబరు ఒకటో తేదీన ముగ్గురూ నెల రోజుల కోసం వస్తున్నారు. కొడుకు ముందుగానే ఒక మాట చెప్పాడట. ఇంట్లో ఉండేది లేనిది భార్య ఇష్టం. ఆమె ఉండనంటే నారాయణఖేడ్‌లో లాడ్జిలో గది తీసుకుంటారు.

"గడప కాడ మొదటి మాట నాదే ఉండాలె సారూ. ఆమెకు తెలిసే మాటనే ఉండాలె."

"మీ అబ్బాయినే అడిగి నేర్చుకోవచ్చు కదమ్మా?"

"వాన్నడిగితే పోయి ఆమెకు జెప్తడు. ముందే తెలిస్తే ఒప్పందం జేస్కున్నట్టుంటది."

బీరువాలో వెతికితే ఒక పాత ఫ్రెంచి వాచకం దొరికింది. ఎవరో విశ్రాంత అధికారి ఇచ్చిన పుస్తకాల కట్టలో వచ్చినది. తేదీల ముద్ర వేసే చీటీ చివరి అట్ట మీద ఖాళీగా ఉంది. నా పేరు మీదే తీసుకొని, మొదటి ముద్ర వేశాను.

ఆ పుస్తకంలో మాట్లాడేవారు హోటలు మేనేజరు, రాయబారి, టోపీలు కొనే ఒక దొరసాని. సంభాషణలన్నీ నాకు ఎంతో నచ్చాయి. ఎందుకు నచ్చాయో చెప్పడానికి నా గురించి కొంత చెప్పాలి. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా నాన్న చెరకు నరికే కూలి. పుస్తకాల తెలుగు నాకు పుట్టుకతో రాలేదు; వీధి దీపం కింద కూర్చొని సంపాదించుకున్నది. అంత కష్టపడి కుట్టించుకున్న కోటును విప్పడానికి మనసొప్పక, ఇంట్లో కూడా తొడుక్కొనే తిరిగాను. డిగ్రీ పట్టా పట్టుకొని ఇంటికి వెళ్లిన రోజు, "నాన్నగారూ, మీ ఆశీస్సులు కావాలి" అన్నాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "నన్ను సుట్టాన్ని జేసినవ్ గదరా" అన్నాడు. పొగడ్త అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

మూడు రోజులు వాచకం చదివి, ఫోన్‌లో ఉచ్చారణ వీడియోలు విని, ఆమె కోసం ఒక వాక్యం కూర్చాను. "మదామ్, సుస్వాగతం, మా గృహానికి మీరు విచ్చేయడం మాకెంతో గౌరవం" అని దాని అర్థం. 'మదామ్, సొయే లా బ్యాన్వెన్యు' అని మొదలయ్యే ఆ వాక్యాన్ని రాయబారి సంభాషణ నుంచి తీసుకొని, రెండు చోట్ల మెరుగు పరిచాను. ఇప్పటికీ అది తప్పులేని వాక్యమే.

అది పత్తి ఏరే కాలం. ఆమె ఖేడ్‌కు వచ్చింది మొత్తం మూడు సార్లే. మిగిలిన రోజుల్లో మధ్యాహ్నం అటెండరు ఫోన్ నుంచి ఆమెకు పాఠం చెప్పేవాణ్ణి. నేర్చుకొనే పద్ధతి ఆమెదే. చేనులో ఒక సాలు ఎక్కినప్పుడు ఒక మాట పట్టుకునేది. ఆ సాలు చివరకు వచ్చేదాకా, పత్తి ఒడిలో వేసుకుంటూ ఆ మాటే అనుకునేది. మలుపు తిరిగితే కొత్త మాట. "మీ వాక్యం శానా పొడుగున్నది సారూ. మూడు సాళ్లు వట్టింది" అని ఒకరోజు చెప్పింది. పక్క సాలులో ఏరే కూలీలు అడిగితే దేవుని మంత్రమని చెప్పిందట. రెండు రోజుల్లో వాళ్లలో ఇద్దరికి కూడా ఆ వాక్యం సగం వరకు వచ్చేసింది.

వీడియోలు వినేటప్పుడు అటెండరు నా పక్కన కూర్చునేవాడు. ఏడో తరగతితో చదువు ఆపినవాడు. నాకన్నా పదేళ్లు చిన్నవాడు. ఒక వీడియోలో తల్లి బడి నుంచి వచ్చిన కూతురిని "వ్యాన్, మా ఫీయ్" అని పిలిచింది. అతడు దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

"గిది మంచిగున్నది సారూ. ఏమన్నట్టు?"

"రా బిడ్డా, అని."

"గిదే నేర్పుదం అక్కకు."

నేను ఒప్పుకోలేదు. ఇలాంటి మాటలు పిల్లలతోనూ బాగా చనువున్న ఇంటివారితోనూ తప్ప వాడరాదని మా వాచకం స్పష్టంగా హెచ్చరించింది. "మొదటిసారి చూసే మనిషితో అలా మాట్లాడటం మర్యాద కాదు" అన్నాను.

"కోడలు ఇంటి మనిషి గాదా సారూ?"

"ఇంకా ఇంట్లోకి రాలేదు కదా."

"మీరు గిట్లనే అంటుండ్రి. ఆమె లాడ్జికి వోతది."

మరుసటి సారి ఆమె వచ్చినప్పుడు అటెండరు మా వాదం ఆమె ముందు పెట్టాడు. ఆమె ఇద్దరినీ చూసింది.

"ఇంటికొచ్చినోళ్లను మనమేమంటం సారూ? ఏమనం. కాళ్లకు నీళ్లిస్తం, అంతే. దయచేయుండ్రి అన్నమంటే సుట్టమైతరు." లేవబోతూ, "అయినా మీరు సదువుకున్నోళ్లు. రెండూ నేర్పుండ్రి. ఏది పనికొస్తే గది" అంది.

సుట్టమనే మాట వినగానే మా నాన్న ముఖం గుర్తుకు వచ్చింది. అయినా నా వాక్యాన్ని నేను వదలలేదు. 'వ్యాన్, మా ఫీయ్' నేర్పే పని అటెండరుకు అప్పగించి, అది అనుబంధమని మాత్రం చెప్పాను.

డిసెంబరు ఒకటి ఆదివారం. మా గ్రంథాలయానికి సెలవు శుక్రవారం కనుక ఆ రోజు పనిదినమే. ఉదయం పదకొండుకు మూసి, తిరిగి నాలుగు గంటలకు తెరవాలి. ఆ మధ్య సమయంలో అటెండరు స్కూటరు మీద ఇద్దరం ఆ పల్లెకు వెళ్లాం. ఆమె మమ్మల్ని రమ్మంది. మాట మరిచిపోతే అందించడానికి మనిషి ఉండాలని.

రెండు గదుల స్లాబు ఇల్లు. గడపకు పసుపు పూసి బొట్లు పెట్టారు. పక్కన నీళ్ల బకెట్టు, తళతళలాడే ఇత్తడి చెంబు. కల్హేర్ నుంచి ఆమె పెద్దకూతురు వచ్చింది. ఆమె వస్తున్న కొడుకుకు అక్క. తల్లి కొత్త చీర కట్టుకొని, గోడకు ఆనుకొని పెదవులు కదిలిస్తోంది. వాడకట్టు అంతా ఇళ్ల ముందు చప్టాల మీద కూర్చుంది.

ఒంటిగంట దాటాక ఆటో వచ్చింది. కొడుకు దిగి, పైన తాడుతో కట్టిన పెట్టెల ముడులు విప్పడంలో పడ్డాడు. అతని భార్య పాపను చంకనెత్తుకొని ముందుకు నడిచింది. పొడవైన పూల గౌను, సన్నని జడలు, బాగా అలసిన కళ్లు. నాలుగైదు అడుగులు నడిచి గుమ్మం ముందుకు వచ్చింది.

అప్పుడు ఆ ఇంటి పెద్దకూతురు గడప మీద నిలబడి, తలుపుకు అడ్డంగా చేయి చాచింది.

మన దగ్గర పెళ్లిళ్లు చూసినవారికి ఇది కొత్త కాదు. కొత్త కోడలు మొదటిసారి అత్తవారింటికి వచ్చినప్పుడు ఆడబిడ్డ గుమ్మానికి చేయి అడ్డం పెట్టి, "మొగని పేరు చెప్పి లోపలికి రా" అంటుంది. కోడలు సిగ్గుపడుతుంది, అందరూ నవ్వుతారు, పేరు చెబుతుంది, చేయి దిగుతుంది. తమ్ముడి పెళ్లి చూడలేకపోయిన అక్క కనీసం ఆ ముచ్చటైనా తీర్చుకోవాలనుకుంది. ఆ చేతిలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. కానీ ఇన్ని రోజులు రెండు వాక్యాల గురించి వాదించుకున్న మా ఇద్దరికిగానీ, ప్రతి మాటనూ సాలు వెంట మోసిన ఆ తల్లికిగానీ, ఆ చేయి ఆ అమ్మాయికి ఎలా కనబడుతుందనే ఆలోచన రాలేదు. ఆరేళ్ల కిందట ఫోన్‌లో ఆమె విన్న గొంతు ఆ గడప గురించే కదా అంది.

"పేరు చెప్పు, లోపలికి రా" అంది అక్క నవ్వుతూ.

ఆ అమ్మాయి చేతిని చూసింది. గుమ్మం లోపలి చీకటిని చూసింది. రెండు అడుగులు వెనక్కి వేసింది. పాప తల్లి మెడను గట్టిగా పట్టుకుంది.

తల్లికి విషయం వెంటనే అర్థమైంది. రెండు చేతులూ జోడించి నా వాక్యం మొదలుపెట్టింది. మదామ్ నుంచి చివరి దాకా, ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. నిజం ఒప్పుకోవాలి, ఆ క్షణంలో కూడా నేను ఆ అమ్మాయి ముఖం చూడలేదు. తప్పులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఒక్కటీ లేదు.

"మెర్సీ, మదామ్" అంది ఆ అమ్మాయి. ధన్యవాదాలని అర్థం; ఎంతో మర్యాదగా అంది. తరువాత వెనక్కి తిరిగి, ఆటో దగ్గరకు వెళ్లి భర్తతో ఏదో చెప్పింది. అందులో ఒక్క మాట నాకు తెలిసింది. ఒతెల్. మా వాచకంలో మూడో పాఠం. హోటలు.

అటెండరు నా భుజం దగ్గరకు వంగాడు. "మీ లెక్కనే మాట్లాడింది సారూ" అన్నాడు. అందులో ఎగతాళి లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

తల్లి మా వైపు చూడలేదు. "చెయ్యి దియ్యే" అని కూతురితో అంది. వంగి బకెట్టులోంచి చెంబు ముంచుకుంది. గడప దాటి, ఎండలో, చెప్పులు లేకుండా ఆటో దాకా నడిచింది.

"వ్యాన్, మా ఫీయ్."

మళ్లీ అంది. మూడోసారి అన్నప్పుడు చెంబు ముందుకు చాచింది. "వ్యాన్ బిడ్డా" అని రెండు భాషలూ కలిసిపోయాయి.

ఆ అమ్మాయి చెంబులోని నీళ్లను చూసింది. పాపను కిందికి దింపింది. రెండు చేతులతో చెంబు అందుకొని, ఎత్తి తాగడం మొదలుపెట్టింది.

"అమ్మా, గవి కాళ్లకు" అంది అక్క గుమ్మంలోంచి.

"తాగనియ్యే. నీళ్లే గద."

సగం తాగి, పాపకు రెండు గుక్కలు పట్టింది. తడిసిన పెదవులు తుడుచుకొని, అత్త కళ్లలోకి చూసి ఒక మాట అంది. బొనారివే. మా వాచకంలో ఆ మాట ఏ పాఠంలోనూ లేదు. ఆమె భర్త పెట్టె కింద పెట్టి దగ్గరకు వచ్చాడు.

"ఏమంటున్నదిరా?" అని తల్లి అడిగింది.

"నువ్వు అనాల్సిన మాట ఆమెనే అంటున్నదే. వీళ్ల కాడ ఇంటికెవరొచ్చినా ముందుగాల నీళ్లిస్తరు. ఇచ్చి, బొనారివే అంటరు. మంచిగ వచ్చి చేరినవ్ అన్నట్టు. నీళ్లు తాగినంకనే ఏ ముచ్చటైనా."

ఆ అమ్మాయి అతణ్ణి మోచేత్తో పొడిచి గబగబా ఏదో అడిగింది. అతడు తల గోక్కున్నాడు.

"మీ ఊర్ల గూడ గిట్లనే నీళ్లిస్తరని నాకెందుకు చెప్పలే అంటున్నది. ఇంట్ల నీళ్లిచ్చుడు గూడ చెప్పాల్నా?"

వాడకట్టు నవ్వింది. ఆ నవ్వులోనే అతడు అడ్డం పెట్టిన చేతి సంగతి భార్యకు చెప్పాడు. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తరువాత తానే గుమ్మం దాకా నడిచి, ఆడబిడ్డ వైపు చూసి, మళ్లీ చేయి పెట్టమని సైగ చేసింది. అక్క ఈసారి భయపడుతూ, సగం మాత్రమే చాచింది. ఆ అమ్మాయి భర్త పేరు చెప్పింది. సిగ్గుపడకుండా, వీధి చివరిదాకా వినబడేలా చెప్పింది. పాప పేరు కూడా చెప్పింది. తరువాత అత్తను చూపి, ఈమెను ఏమని చెప్పాలన్నట్టు భర్త వైపు చూసింది.

"అమ్మ అను, గంతే సాలు" అంది ఆ తల్లి.

అమ్మ అని, ఆ అమ్మాయి గడప దాటింది.

భోజనాలకు ముందు తల్లి కొడుకును పక్కన కూర్చోబెట్టుకుంది. "గాపొద్దు ఫోన్ల నేనన్న మాట ఆమెకు చెప్పు. అన్నది నేనే అని చెప్పు. గట్ల అనకుండ ఉండాల్సిందని చెప్పు" అంది. ఇన్నేళ్లూ అతడు ఆ మాటను భార్యకు వివరించలేదు. ఫోన్ సరిగా వినబడలేదని చెబుతూ వచ్చాడట. ఇప్పుడు తల దించుకొని, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ అమ్మాయి మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక చెప్పిన జవాబును అతడు తల్లికి తెలుగులో చెప్పాడు.

"నీళ్లు తాగకముందు అన్న మాటలు వాళ్ల కాడ లెక్కల రావంట అమ్మా."

ఆ తల్లి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని వంటగదిలోకి పోయింది. చాలాసేపు బయటకు రాలేదు. పాప ఒక్కతే లేచి, ఆమె వెనకాల వెళ్లింది.

మేము తిరిగి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. చదువుకొనే యువకులు మెట్ల మీద కూర్చొని ఉన్నారు. నా ఉద్యోగ జీవితంలో గ్రంథాలయం ఆలస్యంగా తెరిచిన రోజు అదొక్కటే. సిబ్బంది హాజరు పుస్తకంలో ఆలస్యానికి కారణం రాయవలసిన చోట 'స్వాగతం' అని రాశాను. పై అధికారి దాన్ని చూసి ఏమీ అడగలేదు. ఏదో సభ అనుకొని ఉంటాడు.

దారిలో స్కూటరు మీద అటెండరు నాతో ఒక్క మాటే అన్నాడు. "మీ వాక్యం గూడ మంచిదే సారూ. గదెప్పుడన్న కలెక్టరొస్తే పనికొస్తది." ఓదార్చడానికే అన్నాడు. నేను వెనక కూర్చొని మా నాన్న గురించి ఆలోచిస్తూ వచ్చాను. ఆయన పోయి పదకొండేళ్లు అప్పటికి. ఆ రోజు పట్టా పట్టుకొని వెళ్లినప్పుడు ఆయన చేతిలో కూడా చెంబు ఉన్నట్టు గుర్తు. నేను ఆశీస్సులు అడిగాను గానీ, నీళ్లు తీసుకున్నానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో కూర్చొని ఉంది. రోజూ "అమ్మగారూ, భోజనం చేశారా?" అని అడిగేవాణ్ణి.

"తిన్నవా అమ్మా?" అన్నాను.

ఆమె నా నుదుటి మీద చేయి వేసి చూసింది. "పానం బాగలేదా బిడ్డా?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. నమ్మలేదు. అయినా లేచి వెళ్లి, నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆ నెలంతా వాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు. లాడ్జిలో గది తీసుకోలేదు. ఫ్రెంచి వాచకం చీటీ మీద ఇప్పుడు రెండు ముద్రలు ఉన్నాయి; రెండోసారి దాన్ని తీసుకున్నది మా అటెండరు. నేను ఏడు నెలల తరువాత పదవీ విరమణ చేశాను. ఆ ఏడు నెలలూ నా బల్ల ముందుకు వచ్చినవారిని "కూసో" అన్నాను. మా అమ్మను ఇప్పుడు నువ్వు అనే పిలుస్తున్నాను.